పాత టయోటా మ్యాట్రిక్స్, పాంటియాక్ వైబ్ కొంటున్నారా.. అమెరికాలో తెలుగు స్టూడెంట్స్‌కు ఫేవరెట్ బండి, కానీ ఈ రిపేర్ల లెక్క ముందే తెలియాలి!

అమెరికాలో అడుగుపెట్టిన తెలుగు స్టూడెంట్‌కు రెండు మూడు నెలల్లోనే ఒక విషయం అర్థమైపోతుంది. కారు లేకపోతే పని జరగదు. బస్సు గంటకొకటి, ఇండియన్ స్టోర్ ఎనిమిది మైళ్లు, ఊబర్ ఎక్కితే రానుపోను 40 డాలర్లు. అప్పుడు మొదలవుతుంది వాట్సాప్ గ్రూపుల్లో వేట. "అన్నా, నాలుగు వేల లోపు మంచి బండి ఏదైనా ఉందా?" అని అడిగితే వచ్చే జవాబుల్లో కరోలా, సివిక్‌ల తర్వాత తరచూ వినిపించే పేర్లు రెండు. ఒకటి టయోటా మ్యాట్రిక్స్. రెండోది పాంటియాక్ వైబ్.

సెడాన్ కన్నా పొడవాటి వెనక భాగం, ఎస్‌యూవీ కన్నా తక్కువ ఎత్తు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వీటిని స్మాల్ స్టేషన్ వ్యాగన్ల లెక్కలో చేర్చింది. వెనక సీట్లు మడిస్తే నేల చదునుగా వచ్చేస్తుంది. మొదటి తరం బండ్లలో ముందు ప్యాసింజర్ సీటు కూడా మడిచేయొచ్చు. అపార్ట్‌మెంట్ మారేటప్పుడు పరుపు, టేబుల్, నాలుగు బియ్యం బస్తాలు ఒకే ట్రిప్పులో వెళ్లిపోతాయి. మొదటి తరం 1.8 లీటర్ల బండి మైలేజ్ గ్యాలన్‌కు దాదాపు 27-28 మైళ్లు.. అంటే మన లెక్కలో లీటరుకు 12 కిలోమీటర్లకు దగ్గర. ఇంతవరకు అంతా బాగానే ఉంది. అయితే ఈ బండ్లలో కొత్తవాటికే పదేళ్లు దాటిపోయాయి, పాతవాటికి ఇరవై నిండాయి. ఎక్కడ చెడిపోతాయి, ఎంత ఖర్చవుతుంది, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు.. వివరాలు చూద్దాం.

పేర్లు రెండు.. బండి ఒక్కటే

టయోటా, జనరల్ మోటార్స్ కలిసి తయారు చేసుకున్న బండి ఇది. అడుగున ఉన్నది కరోలా. మ్యాట్రిక్స్ కెనడాలోని ఆంటారియోలో తయారైంది. వైబ్ మాత్రం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, న్యూమీ అనే ఉమ్మడి ఫ్యాక్టరీలో తయారైంది. అవును, మనవాళ్లు వేల సంఖ్యలో ఉండే ఆ ఫ్రీమాంటే. ఆ ఫ్యాక్టరీ 2010లో మూతపడింది. ఇప్పుడు అదే చోట టెస్లా కార్లు తయారవుతున్నాయి.

మొదటి తరం 2003 నుంచి 2008 మోడళ్ల దాకా నడిచింది. రెండో తరం 2009లో మొదలైంది. పాంటియాక్ బ్రాండ్‌నే జనరల్ మోటార్స్ ఎత్తేయడంతో వైబ్ 2010 మోడల్‌తో ఆగిపోయింది. మ్యాట్రిక్స్ అమెరికాలో 2013 దాకా వచ్చింది.

ఇక్కడే కొనేవాళ్లకు పనికొచ్చే పాయింట్ ఒకటి ఉంది. వైబ్ మీద టయోటా లోగో ఉండదు, పైగా ఆ కంపెనీయే ఇప్పుడు లేదు. అందుకే అదే వయసు, అదే మైళ్లు ఉన్న మ్యాట్రిక్స్ కన్నా వైబ్ చాలాసార్లు తక్కువకే దొరుకుతుంది. లోపల ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు అన్నీ టయోటావే కాబట్టి మెకానికల్ పార్టులకు ఇబ్బంది లేదు. బంపర్, హెడ్‌లైట్, గ్రిల్ లాంటి పైభాగాలు మాత్రం వైబ్‌వి వేరు. అవి విరిగితే జంక్ యార్డులో వెతుక్కోవాలి. చిన్న యాక్సిడెంట్‌కే ఇన్సూరెన్స్ వాళ్లు బండిని టోటల్ లాస్ అనేయడానికి ఇదీ ఒక కారణం.

అన్నిటికన్నా ముందు ఎయిర్‌బ్యాగ్.. ఇది డబ్బు సమస్య కాదు

రిపేర్ల ఖర్చు సంగతి తర్వాత. ఈ బండ్లలో ప్రాణం మీదికి తెచ్చే విషయం ఒకటుంది. అదే తకాటా ఎయిర్‌బ్యాగ్.

జపాన్ కంపెనీ తకాటా తయారు చేసిన ఎయిర్‌బ్యాగ్‌లలో గ్యాస్ పుట్టించడానికి అమోనియం నైట్రేట్ వాడారు. వేడి, తేమ ఏళ్ల తరబడి తగిలితే ఆ రసాయనం పాడైపోతుంది. అప్పుడు చిన్న యాక్సిడెంట్ జరిగినా ఎయిర్‌బ్యాగ్ మామూలుగా తెరుచుకోదు.. దాన్ని పట్టి ఉంచే లోహపు డబ్బా పేలిపోయి ఇనుప ముక్కలు ముఖానికి, మెడకు దూసుకొస్తాయి. అమెరికాలోనే 25 మందికి పైగా ఇలా చనిపోయారు. దాదాపు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగ్‌లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. తకాటా 2017లో దివాలా తీసింది.

మ్యాట్రిక్స్, వైబ్ రెండూ ఈ జాబితాలో ఉన్నాయి. ముఖ్యంగా 2003, 2004 మోడళ్లు. 2024 జనవరిలో టయోటా, జనరల్ మోటార్స్ రెండూ ఈ మోడళ్ల ఓనర్లకు గట్టి హెచ్చరిక ఇచ్చాయి. రీకాల్ రిపేర్ చేయించని బండిని అసలు రోడ్డెక్కించొద్దు అన్నాయి. డీలర్ దగ్గరికి కూడా నడిపి తీసుకురావద్దు, బండిని తామే టో చేయిస్తామని, వీలున్న చోట ఇంటికే వచ్చి మారుస్తామని టయోటా చెప్పింది. ఆ తర్వాతి మోడళ్లలోనూ తకాటా రీకాల్స్ ఉన్నాయి కాబట్టి 2009 బండి అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

టెక్సాస్, ఫ్లోరిడా, లూసియానా లాంటి వేడి, ఉక్కపోత ఉండే రాష్ట్రాల్లో తిరిగిన బండ్లలో ప్రమాదం మరీ ఎక్కువ. డల్లాస్, హ్యూస్టన్‌లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు.

దీనికి పరిష్కారం మాత్రం చాలా సింపుల్. పైసా ఖర్చు లేదు. బండి డ్యాష్‌బోర్డు మీద అద్దం మూలన కనిపించే 17 అక్షరాల విన్ నంబర్‌ను అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొడితే, ఆ బండికి పెండింగ్ రీకాల్ ఉందో లేదో నిమిషంలో తేలిపోతుంది. మ్యాట్రిక్స్ అయితే టయోటా డీలర్ దగ్గర, వైబ్ అయితే షెవర్లే, బ్యూక్, జీఎంసీ డీలర్ల దగ్గర ఎయిర్‌బ్యాగ్ ఫ్రీగా మారుస్తారు. బండి ఎన్ని చేతులు మారినా ఫ్రీయే. బిల్లులు, పాత ఓనర్ పేపర్లు ఏవీ అక్కర్లేదు.

అయినా ఈ పని చేయని బండ్లు ఎందుకు మిగిలిపోయాయి? కారణం ఊహించడం కష్టమేమీ కాదు. రీకాల్ లెటర్ రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రస్‌కు వెళ్తుంది. స్టూడెంట్ ఏడాదికో అపార్ట్‌మెంట్ మారతాడు, రెండేళ్లకు బండి జూనియర్‌కు అమ్మేసి వేరే రాష్ట్రానికి వెళ్లిపోతాడు. లెటర్ ఎవరి చేతికీ అందదు. ఇలా చేతులు మారే బండ్లకే ఈ ముప్పు ఎక్కువ. అమ్మేవాడు సీనియర్ అన్న అయినా, రూమ్‌మేట్ కజిన్ అయినా విన్ చెక్ చేయకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

మిగతా రీకాల్స్ సంగతేంటి?

2005 నుంచి 2008 మోడళ్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్.. అదే ఈసీఎం.. లోపల సోల్డర్ జాయింట్లు చిట్లే సమస్య వచ్చింది. బండి స్టార్ట్ కాకపోవడం, గేర్లు గుద్దినట్టు పడటం, ఒక్కోసారి నడుస్తూ నడుస్తూనే ఇంజిన్ ఆగిపోవడం.. ఇవీ లక్షణాలు. 2010 ఆగస్టులో టయోటా 11 లక్షలకు పైగా కరోలా, మ్యాట్రిక్స్ బండ్లను ఇందుకోసం వెనక్కి పిలిచింది. వైబ్‌కూ ఇదే రీకాల్ వర్తించింది. ఈ రిపేర్ అప్పట్లో చేయించారో లేదో కూడా విన్ నంబర్‌తోనే తెలుస్తుంది. చేయించిన బండి అయితే ఈ విషయం మర్చిపోవచ్చు.

2009, 2010 మోడళ్లకు అప్పట్లో సంచలనం రేపిన యాక్సిలరేటర్ పెడల్ రీకాల్ ఉంది. 2009 మోడల్‌లో డ్రైవర్ వైపు పవర్ విండో స్విచ్ వేడెక్కే సమస్యకు మరో రీకాల్ వచ్చింది. 2011-2013 మ్యాట్రిక్స్‌లలో ఎయిర్‌బ్యాగ్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ యూనిట్‌కు 2020 జనవరిలో ఇంకో రీకాల్. ఒక్క చెక్‌తో ఇవన్నీ బయటపడతాయి కాబట్టి విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు.

ఆయిల్ తాగే ఇంజిన్

ఇప్పుడు అసలు రిపేర్ల దగ్గరికి వద్దాం. మొదటి తరం బండ్లలో ఎక్కువగా కనిపించేది 1.8 లీటర్ల 1జెడ్‌జెడ్ ఇంజిన్. గట్టి ఇంజినే. టైమింగ్ బెల్ట్ బదులు చైన్ ఉంటుంది కాబట్టి లక్ష మైళ్లకోసారి బెల్ట్ మార్చే ఖర్చు ఉండదు. సరిగ్గా చూసుకుంటే రెండు లక్షల మైళ్లు దాటడం పెద్ద విషయం కాదు.

దీనికి ఉన్న చెడ్డ అలవాటు ఆయిల్ తాగడం. పిస్టన్‌ల దగ్గర మసి పేరుకుపోతే ఆయిల్ మెల్లగా కాలిపోతుంది. కింద ఒక్క చుక్క కూడా పడదు, పొగ కూడా పెద్దగా కనిపించదు. ఇంజిన్‌లో మొత్తం పట్టేది నాలుగు క్వార్ట్‌ల లోపే. వెయ్యి మైళ్లకు ఒక క్వార్ట్ తాగే బండిలో ఐదు వేల మైళ్లదాకా డిప్‌స్టిక్ తీసి చూడకపోతే ఏమవుతుందో లెక్కేసుకోవచ్చు. చాలామంది పొరబడేది డ్యాష్‌బోర్డు మీది ఎర్ర ఆయిల్ లైట్ దగ్గర. అది ఆయిల్ తగ్గినప్పుడు వెలగదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయినప్పుడు వెలుగుతుంది. అది వెలిగేసరికి ఇంజిన్‌కు జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉండొచ్చు.

రెండో తరంలో 2.4 లీటర్ల ఇంజిన్ ఉన్న బండ్లకూ ఇదే జబ్బు, ఇంకాస్త ఎక్కువగా. పిస్టన్, రింగులే కారణం. ఈ ఇంజిన్ ఉన్న కొన్ని మోడళ్లకు టయోటా అప్పట్లో వారంటీ పొడిగించింది కూడా. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు రింగులు మార్పించాలంటే ఇంజిన్ విప్పాలి, బిల్లు బండి ధరను మించిపోతుంది. కాబట్టి రెండో తరం కొనాలనుకుంటే 1.8 లీటర్ల బండినే వెతుక్కోవడం మంచిది. పవర్ కాస్త తక్కువే, తలనొప్పి అంతకన్నా తక్కువ.

ఆయిల్ తాగే బండిని వెంటనే వద్దనాల్సిన పనిలేదు. క్వార్ట్ ఆయిల్ 6 నుంచి 9 డాలర్లు. రెండు వారాలకోసారి పెట్రోల్ పోయించుకునేటప్పుడు డిప్‌స్టిక్ తీసి చూసి, తగ్గినంత పోసుకుంటే బండి ఏళ్ల తరబడి నడుస్తుంది. అయితే ఆ అలవాటు లేనివాళ్లు ఈ బండి జోలికి వెళ్లకపోవడమే నయం.

ఆయిల్ బయటికి కారితే మాత్రం భయపడక్కర్లేదు. 1జెడ్‌జెడ్‌లో టైమింగ్ చైన్ టెన్షనర్ దగ్గర చిన్న రబ్బరు రింగు గట్టిపడి లీక్ అవుతుంది. రింగు ధర ఐదారు డాలర్లు, పని గంట లోపే. దీన్ని చూపించి "ఇంజిన్ పోయింది" అని వేలల్లో ఎస్టిమేట్ వేస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే. పైన వాల్వ్ కవర్ గ్యాస్కెట్ లీక్ కూడా మామూలే, 150 నుంచి 250 డాలర్లలో అయిపోతుంది.

చెక్ ఇంజిన్ లైట్.. అమ్మేవాళ్ల ట్రిక్

ఈ వయసు బండ్లలో చెక్ ఇంజిన్ లైట్ వెలగడం రోజువారీ వ్యవహారం. ఎక్కువగా కనిపించే కోడ్‌లు రెండు. ఒకటి పీ0420, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ బలహీనపడిందని. రెండోది పీ0171, అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ వస్తోందని. రెండోది చలిరాష్ట్రాల్లో పొద్దున్నే స్టార్ట్ చేయగానే వస్తే, 1జెడ్‌జెడ్‌లో ఇంటేక్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ గట్టిపడిందేమో ముందు చూడాలి. గ్యాస్కెట్ చవక, పని కూడా పెద్దది కాదు. దాన్ని వదిలేసి సెన్సర్లు ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతే మూడు నాలుగు వందలు ఊరికే పోతాయి.

పీ0420 అయితే ఖర్చు ఎక్కువ. కన్వర్టర్ మామూలు కంపెనీది అయితే పనితో కలిపి 500 నుంచి 900 డాలర్ల మధ్య పడుతుంది. కాలిఫోర్నియాలో మాత్రం ఆ రాష్ట్రం ఆమోదించినదే వేయాలి, అక్కడ బిల్లు వెయ్యి నుంచి రెండు వేలకు పాకుతుంది. అది లేకుండా స్మాగ్ టెస్ట్ పాస్ కాదు, స్మాగ్ లేకుండా రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. బే ఏరియాలో కొనేవాళ్లు ఈ ఒక్క లైట్ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ప్రైవేట్ సేల్‌లో స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత సాధారణంగా అమ్మేవాళ్లదే. "నువ్వే చేయించుకో తమ్ముడూ, వంద తగ్గిస్తా" అంటే ఆ వంద వెనక వెయ్యి ఉందని అర్థం.

ఇక ట్రిక్ సంగతి. బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసి పెడితే చాలు, లైట్ ఆరిపోతుంది. కొనేవాడు చూసే అరగంటలో మళ్లీ వెలగదు. దీన్ని పట్టుకోవడానికి 20-30 డాలర్ల ఓబీడీ స్కానర్ చాలు. కోడ్‌లు చెరిపేసిన బండిలో ఇంజిన్ చేసుకునే సొంత పరీక్షలు ఇంకా పూర్తి కావు, స్కానర్‌లో అవి "నాట్ రెడీ" అని కనిపిస్తాయి. రెండు మూడు నాట్ రెడీలు కనిపించాయంటే లైట్ ఈమధ్యే ఆర్పేశారని అనుమానించాలి. స్కానర్ లేకపోతే ఆటో పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల ఫ్రీగానే చూసి చెబుతారు.

మాన్యువల్ గేర్‌బాక్స్ ఉంటే చెవి పెట్టి వినాలి

మన ఊళ్లో గేర్ బండ్లు నడిపినవాళ్లకు మాన్యువల్ బండి తక్కువ ధరకు దొరికితే మనసు లాగేస్తుంది. అయితే మొదటి తరంలో, అందులోనూ తొలి మోడళ్లలో ఐదు గేర్ల మాన్యువల్ బాక్స్‌లో ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోయే సమస్య బాగా పేరుమోసింది. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గరగరమని శబ్దం వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే బేరింగ్ అరిగిందని అర్థం. అలాగే నడిపితే గేర్‌బాక్స్ మొత్తం పోతుంది. జంక్ యార్డ్ నుంచి తెచ్చిన గేర్‌బాక్స్ వేయించినా పనితో కలిపి 1,500 డాలర్లు దాటుతుంది. అందులోనూ పెట్టే గేర్‌బాక్స్‌కు అదే జబ్బు ఉండే చాన్స్ ఉంది. క్లచ్ ఒక్కటే మార్చాలంటే 800 నుంచి 1,300.

నాలుగు గేర్ల ఆటోమేటిక్ మాత్రం పాతకాలం డిజైన్, మొండిది. ఫ్లూయిడ్ మారుస్తూ ఉంటే పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఫ్లూయిడ్ నల్లగా, మాడిన వాసనతో ఉంటే ఆ బండిని వదిలేయాలి. మొదటి తరంలో 180 హార్స్‌పవర్‌తో వచ్చిన ఎక్స్‌ఆర్‌ఎస్, జీటీ వేరియంట్లు కూడా ఉన్నాయి. కుర్రాళ్లకు నచ్చేస్తాయి.. కానీ వాటికి ప్రీమియం పెట్రోల్ కావాలి, పార్టులు అరుదు, ఇరవై ఏళ్లుగా వాటిని నెమ్మదిగా నడిపిన ఓనర్ దొరకడం ఇంకా అరుదు.

శబ్దాలు, తుప్పు, ఇంకా విరిగే హ్యాండిల్

40 మైళ్ల వేగం దాటాక విమానం టేకాఫ్ అవుతున్నట్టు హూమ్ అని మోత వస్తే అది వీల్ బేరింగ్. ఒక్కో చక్రానికి 250 నుంచి 450 డాలర్లు. స్పీడ్ బ్రేకర్ల మీద దడదడలాడితే స్ట్రట్స్ అరిగాయి, నాలుగూ మార్చాలంటే 800 నుంచి 1,200 దాకా. ముందు బ్రేక్ ప్యాడ్లు, రోటర్లు కలిపి 250-450. ఆల్టర్నేటర్ 350-600. వాటర్ పంప్ 300-500. రెండో తరం 1.8 ఇంజిన్‌లో వాటర్ పంప్ దగ్గర గులాబీ రంగు పొడి పట్టి ఉంటే అది లీక్ మొదలైన గుర్తు. ఏసీ కంప్రెసర్ పోతే 700 నుంచి 1,200. టెక్సాస్‌లో జులైలో ఏసీ లేకుండా బతకడం ఎంత కష్టమో విజయవాడ ఎండలు చూసినవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. ఇవన్నీ బయటి మెకానిక్ షాపుల్లో సుమారుగా అయ్యే ఖర్చులు. డీలర్ దగ్గరికి వెళ్తే ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. ఊరును బట్టి లేబర్ గంటకు 100 నుంచి 170 డాలర్ల దాకా ఉంటుంది, బిల్లులో సగం పైగా అదే.

డబ్బుతో సరిచేయలేనిది ఒకటుంది.. తుప్పు. ఒహాయో, మిషిగన్, ఇల్లినాయి, పెన్సిల్వేనియా లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైన తళతళలాడే బండి కింద బ్రేక్ లైన్లు, సైలెన్సర్, వెనక సస్పెన్షన్ బిగించే చోట్లు పొరలు పొరలుగా ఊడుతుంటాయి. ఫోన్ టార్చ్ వేసుకుని కింద పడుకుని చూడటానికి సిగ్గుపడకూడదు. పైపైన తుప్పు అయితే ఫర్వాలేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడే తుప్పు ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఆల్ వీల్ డ్రైవ్ బండ్లు ఎక్కువగా ఇలాంటి మంచు రాష్ట్రాల్లోనే తిరిగి ఉంటాయి కాబట్టి వాటిని ఇంకాస్త ఎక్కువసేపు చూడాలి.

చివరగా నవ్వొచ్చే సమస్య. మొదటి తరం బండ్ల వెనక డోర్ తెరిచే ప్లాస్టిక్ హ్యాండిల్ విరిగిపోతుంది. ఒకటి రెండు బండ్లకు కాదు, మ్యాట్రిక్స్, వైబ్ ఓనర్లలో ఇది ఇంటింటి కథ. డోర్ బరువు, చలికి పెళుసైన ప్లాస్టిక్, అంతే. 30 నుంచి 80 డాలర్ల పార్టు, లోపలి ప్యానెల్ తీయడం వస్తే ఇంట్లోనే మార్చుకోవచ్చు. లోహపు హ్యాండిల్స్ కూడా దొరుకుతున్నాయి. ధర బేరమాడటానికి ఇది మంచి సాకు. అన్నట్టు చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో కారు రిపేర్ చేయడం నిషేధం. యూట్యూబ్ చూసి పని మొదలుపెట్టే ముందు లీజ్ పేపర్ ఒకసారి చదువుకోవాలి.

అసలు ధర ఎంత పడుతుంది?

ఉదాహరణకు 2005 వైబ్ ఒకటి లక్షా 70 వేల మైళ్లతో, అంటే దాదాపు 2 లక్షల 70 వేల కిలోమీటర్లు తిరిగి, 3,500 డాలర్లకు అమ్మకానికి వచ్చిందనుకుందాం. టైర్లు అరిగాయి, నాలుగూ కలిపి 500. ముందు బ్రేకులు 350. స్ట్రట్స్ 900. చెక్ ఇంజిన్ లైట్ కన్వర్టర్‌దే అయితే మరో 700. మొత్తం 2,450. అంటే బండి ఖరీదు 3,500 కాదు, 5,950. డాలరు 90 రూపాయలుగా వేసుకుంటే ఐదు లక్షల 35 వేలు దాటుతుంది. అదే మోడల్ 4,800కు అమ్ముతున్న ఇంకొకరు ఈ పనులన్నీ చేయించి బిల్లులు చూపిస్తే, ఎక్కువ రేటు చెప్పిన ఆ బండే చవక.

అందుకే కొనేముందు మెకానిక్‌తో చెక్ చేయించడానికి పెట్టే 100-200 డాలర్లకు వెనకాడకూడదు. అమ్మేవాళ్లు చెప్పిన మెకానిక్ దగ్గర కాదు, కొనేవాళ్లు వెతుక్కున్న మెకానిక్ దగ్గర. చెక్ చేయించడానికే ఒప్పుకోని వాళ్లతో మాటలు పెంచుకోవడం అనవసరం. టైటిల్ మీద సాల్వేజ్ అనో రీబిల్ట్ అనో ఉంటే అది ఒకప్పుడు టోటల్ లాస్ అయిన బండి. ధర బాగా తగ్గాలి, ఇన్సూరెన్స్ కంపెనీని ముందే అడగాలి, మళ్లీ అమ్మేటప్పుడు కూడా ఆ ముద్ర వెంటే ఉంటుంది.

మైలేజ్ చూసేటప్పుడు ఒక చిత్రం. మొదటి తరం బండ్లలో ఓడోమీటర్ 2,99,999 మైళ్ల దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి కదలదు. ఆ అంకె కనిపిస్తే బండి మూడు లక్షలు తిరిగిందో, మూడున్నర తిరిగిందో పాత సర్వీస్ బిల్లులు తప్ప చెప్పేది ఏదీ ఉండదు.

ఎప్పుడు చేతులెత్తేయాలి?

ఇప్పటికే ఈ బండి ఉన్నవాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది. బ్రేకులు, బేరింగులు, ఆల్టర్నేటర్, వాటర్ పంప్ లాంటివి ఒక్కొక్కటిగా వస్తే చేయించుకోవడమే లాభం. 500 డాలర్ల రిపేర్‌తో ఇంకో ఏడాది నడిచే బండికి మించిన బేరం ఈ రేటులో దొరకదు. ఇంజిన్, గేర్‌బాక్స్, ఫ్రేమ్ తుప్పు.. ఈ మూడింట్లో ఏది వచ్చినా లెక్క మారిపోతుంది. రిపేర్ బిల్లు బండి అమ్ముడుపోయే ధరలో సగం దాటితే అక్కడితో ఆపేయడం మేలు. స్క్రాప్‌కు ఇచ్చినా ఇంటికొచ్చి కొన్ని వందల డాలర్లు ఇచ్చి తీసుకెళ్లేవాళ్లు ఉంటారు.

నడిచే బండిని జూనియర్‌కు అమ్ముతుంటే ఎయిర్‌బ్యాగ్ మార్చిన డీలర్ కాగితం, ఆయిల్ ఎంత తాగుతుందో రాసి పెట్టుకున్న లెక్క, రిపేర్ బిల్లులు బండితో పాటే ఇచ్చేయాలి. టైటిల్ ట్రాన్స్‌ఫర్ అయిన రోజే ఆ రాష్ట్ర మోటార్ వాహనాల ఆఫీసుకు బండి అమ్మినట్టు నోటీస్ పంపాలి. చాలా రాష్ట్రాల్లో ఇది ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. అది పంపకపోతే కొత్త ఓనర్ టోల్ బిల్లులు, పార్కింగ్ టికెట్లు పాత ఓనర్ పేరు మీదే వస్తూ ఉంటాయి.